పల్ప్ 'డిఫరెంట్ క్లాస్' మొదటిసారి వినబోయేవాళ్లకి

బ్రిట్‌పాప్ (1990ల్లో బ్రిటన్‌ని ఊపేసిన గిటార్ పాప్ సంగీతం) అనగానే మనలో చాలామందికి ఒయాసిస్ గుర్తొస్తుంది, ఆ తర్వాత బ్లర్. 1995 ఆగస్టులో ఆ రెండు బ్యాండ్ల పోటీ గురించి ఇంగ్లండ్ పేపర్లు అంతలా రాశాయి మరి. కానీ అదే ఏడాది అక్టోబర్ 30న పల్ప్ అనే బ్యాండ్ నుంచి 'డిఫరెంట్ క్లాస్' అనే ఆల్బం వచ్చింది. దాన్ని ప్రేమించేవాళ్ల పద్ధతే వేరు. ఏ పాట గొప్పదని అడిగితే గంటసేపు వాదిస్తారు, పాటల్లోని మనుషుల గురించి తెలిసినవాళ్ల గురించి మాట్లాడినట్టే మాట్లాడతారు. నేనూ ఆ బాపతే. మీకూ ఆ పిచ్చి పట్టాలని నిజంగా కోరుకుంటూ, ఎలా వింటే బాగుంటుందో రాస్తున్నాను. ఎందుకంటే ఏదో పని చేసుకుంటూ పైపైన వింటే ఇవి హుషారైన డాన్స్ పాటల్లా దాటిపోతాయి. ఆ హుషారు కింద బోలెడు కోపం ఉంది.

వినే ముందు ఒక్క సంగతి తెలిస్తే చాలు. పాటలు రాసి పాడే జార్విస్ కాకర్ ఈ బ్యాండ్‌ని 1978లో షెఫీల్డ్‌లో మొదలుపెట్టాడు, అప్పటికి అతను స్కూలు కుర్రాడు. షెఫీల్డ్ ఉక్కు ఊరు, 80ల్లో ఫ్యాక్టరీలు మూతపడి దెబ్బతిన్న ఊరు. మొదటి ఆల్బం 1983లో వచ్చింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జార్విస్ లండన్ వెళ్లి సెయింట్ మార్టిన్స్ కాలేజీలో సినిమా చదువుకున్నాడు. బ్యాండ్‌కి నిజంగా పేరొచ్చేసరికి అతనికి ముప్పై దాటింది. అన్నేళ్లు పక్కన నిలబడి అందరినీ గమనించినవాడు రాసిన పాటలివి.

ఇక వినడం. ఫోన్లో వెతికితే అదనపు పాటలు, డెమోలు కలిపిన పెద్ద ఎడిషన్ కూడా కనిపిస్తుంది, ప్రస్తుతానికి దాని జోలికి వెళ్లకండి. మీకు కావలసింది పన్నెండు పాటల అసలు ఆల్బం, సుమారు 52 నిమిషాలు. 'మిస్-షేప్స్'తో మొదలై 'బార్ ఇటాలియా'తో ముగుస్తుంది. షఫుల్ ఆపేయండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. అంతసేపు ఒకేసారి కుదరకపోతే ఆరో పాట 'లైవ్ బెడ్ షో' అయ్యాక ఆపి, మిగతా ఆరూ మర్నాడు వినండి, ఏమీ పోదు.

మొదటిసారి లిరిక్స్ చదవొద్దు. ఇది నా నియమం కాదు, ఆల్బంతో వచ్చిన కాగితం మీదే పాటలు వింటూ లిరిక్స్ చదవొద్దని బ్యాండ్ వాళ్లే రాశారు. జార్విస్ యాస మనకి కొత్త, కొన్ని మాటలు అందవు. పోనీయండి. అతను ఎక్కడ గుసగుసలాడుతున్నాడు, ఎక్కడ ఊపిరి ఎగబీలుస్తున్నాడు, ఎక్కడ అరుస్తున్నాడు అన్నది పట్టుకుంటే సగం కథ అర్థమవుతుంది. మనకి సినిమా పాటలు అలవాటు, పాట మొదలయ్యే ముందే సన్నివేశం ఏమిటో తెలిసిపోతుంది. ఇక్కడ ఆ సన్నివేశాన్ని కూడా పాటే చెప్పాలి, అందుకే అతను చాలాచోట్ల పాడడం మానేసి మాట్లాడతాడు.

మూడో పాట 'కామన్ పీపుల్' దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. గ్రీస్ నుంచి వచ్చిన డబ్బున్న అమ్మాయి ఒకతె, కాలేజీలో కలిసిన అబ్బాయితో తనకి మామూలు మనుషుల్లా బతకాలని ఉందని అంటుంది. అతను మొదట సరదాగా ఆమెని సూపర్ మార్కెట్‌కి తీసుకెళ్తాడు. మొదట్లో చిన్న కీబోర్డ్ ముక్క, తాపీగా నడిచే గొంతు, అంతే. అక్కణ్ణుంచి పాట వేగం పెరుగుతూ పోవడం గమనించండి. డ్రమ్స్ తోసుకొస్తాయి, గొంతు బిగుసుకుంటుంది, ఆ సరదా ఎప్పుడు పోయిందో మనకి తెలియకుండానే పోతుంది. నువ్వెంత పేదరికం నటించినా నాన్నకి ఒక్క ఫోన్ చేస్తే అదంతా ఆగిపోతుంది కదా అన్న మాటలోనే పాట ప్రాణం ఉంది. చాలా రేడియోల్లో వచ్చేది కుదించిన వెర్షన్, అందులో చివర్లో అతని కోపం పూర్తిగా బయటపడే చరణం లేదు. ఆల్బంలోదే వినాలి, దాదాపు ఆరు నిమిషాలు. ఆ చరణం లేకుండా విన్నవాళ్లు ఈ పాట విన్నట్టే కాదని నా గట్టి అభిప్రాయం.

దాని తర్వాత వచ్చే 'ఐ స్పై'ని కొత్తవాళ్లు తరచూ దాటేస్తారు, దయచేసి దాటేయకండి. ముందు పాటలోని కోపమే ఇక్కడ చల్లబడి పగగా మారింది. పెద్ద ఆర్కెస్ట్రా ఉంటుంది, దాన్ని సమకూర్చింది ఆన్ డడ్లీ. ఆ వయొలిన్ల వెనక ఒకడు పెద్దింటివాళ్లని ఏళ్ల తరబడి గమనిస్తూ లెక్క తేల్చుకోవడానికి ఎదురుచూస్తుంటాడు. మంచివాడేం కాదు, పాట కూడా అతన్ని మంచివాడని చెప్పదు. ఆ వెంటనే 'డిస్కో 2000' పెట్టడం ఎంత మంచి పనో చూడండి. చిన్నప్పటి స్నేహితురాలిని మనసులోనే ప్రేమించిన కుర్రాడు, ఎప్పుడో 2000లో పెద్దవాళ్లమయ్యాక కలుద్దాం అనుకోవడం, ఆమెకి అప్పటికే పెళ్లయి బిడ్డ కూడా ఉండడం. పార్టీల్లో ఎగిరి గంతులేసే పాటే, కానీ మాటలు తెలిశాక విన్న ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

రెండో సగంలో 'సమ్‌థింగ్ చేంజ్డ్' వివరించక్కర్లేనంత తేలికైన ప్రేమపాట. 'సార్టెడ్ ఫర్ ఈజ్ అండ్ విజ్' (ఈజ్, విజ్ రెండూ డ్రగ్స్‌కి వాడుక పేర్లు) మీద అప్పట్లో ఓ పత్రిక మొదటి పేజీలో గొడవ చేసింది, డ్రగ్స్‌ని పొగుడుతోందని. వింటే తెలుస్తుంది, పొలంలో జరిగే డాన్స్ పార్టీలో వేలమంది మధ్య రాత్రంతా గడిపినవాడు చివరికి అమ్మకి ఫోన్ చేయాలనుకునే పాట అది. 'బార్ ఇటాలియా' వచ్చేసరికి తెల్లవారుజాము. లండన్ సోహోలో 1949 నుంచి ఉన్న కాఫీ షాపు పేరది, రాత్రంతా తిరిగి అలసిపోయిన ఇద్దరు చేరే చోటు.

రెండోసారి వినేటప్పుడు లిరిక్స్ తెరవండి. ఈసారి ప్రతి పాటలోనూ ఎవరు ఎవరిని చూస్తున్నారు, కింది నుంచా పైనుంచా అని అడుగుతూ వినండి. 'మిస్-షేప్స్'లో ఊళ్లో అందరూ వెక్కిరించే కుర్రాళ్లు, మా ఆయుధం మా తెలివే అంటారు. 'పెన్సిల్ స్కర్ట్', 'అండర్‌వేర్' పాటల్లో పడకగది గుట్లు. 'మండే మార్నింగ్'లో చదువైపోయాక ఏం చేయాలో తెలియని రోజులు. కీబోర్డ్స్ వాయించే కాండిడా డోయిల్, గిటార్‌తో పాటు వయొలిన్ కూడా వాయించిన రసెల్ సీనియర్ ఎంత చేస్తున్నారో కూడా ఈసారే తెలుస్తుంది. నిర్మాత క్రిస్ థామస్ పనితనమూ అంతే, ఎన్ని వాయిద్యాలున్నా జార్విస్ గుసగుస ఒక్కటీ పోదు.

ఇదయ్యాక 1995 జూన్ 24 నాటి గ్లాస్టన్‌బరీ (ఇంగ్లండ్‌లో జరిగే పెద్ద సంగీతోత్సవం) వీడియో చూడండి, ముందు మాత్రం వద్దు. ఆ రాత్రి ప్రధాన బ్యాండ్ స్టోన్ రోజెస్ కావాల్సింది, గిటారిస్ట్‌ సైకిల్ మీంచి పడి ఎముక విరగ్గొట్టుకోవడంతో చివరి నిమిషంలో పల్ప్‌ని పిలిచారు. అప్పటికి ఆల్బం రాలేదు, 'కామన్ పీపుల్' సింగిల్‌గా వచ్చి నెల దాటింది అంతే. అయినా అంతమంది జనం ఆ పాటని మాట పొల్లుపోకుండా జార్విస్‌తో కలిసి అరిచి పాడుతున్నారు. చార్టుల్లో అది రెండో స్థానం దగ్గరే ఆగిపోయింది, ఆ జనాన్ని చూస్తే అంకెలెవరికి కావాలనిపిస్తుంది. మరుసటి ఏడాది ఆల్బంకి, ఉత్తమ ఆల్బంకి బ్రిటన్‌లో ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ కూడా వచ్చింది.

సీడీ కానీ రికార్డు కానీ పాతది ఎక్కడైనా దొరికితే కవర్ చూసి కొనండి. మొదట వచ్చిన వాటిలో మార్చుకోవడానికి పన్నెండు బొమ్మలిచ్చారు, ఏది ముందు పెట్టుకోవాలో కొన్నవాళ్ల ఇష్టం. మామూలు మనుషుల మధ్య బ్యాండ్ వాళ్ల నలుపు తెలుపు కటౌట్లు నిలబెట్టి తీసిన ఫొటోలవి, పెళ్లి ఫొటో అందరికీ తెలిసినది.

ఇంకా కావాలనిపిస్తే 1994 నాటి 'హిజ్ ఎన్ హర్స్'కి వెళ్లండి, ఇదే లోకం అక్కడ మొదలైంది. 1998లో వచ్చిన 'దిస్ ఈజ్ హార్డ్‌కోర్' చీకటి ఆల్బం, గొప్పదే కానీ వెంటనే వద్దు, కొన్ని నెలలు ఆగండి. 2001 నాటి ఆల్బం తర్వాత మళ్లీ 2025లో 'మోర్' అనే కొత్త ఆల్బం ఇచ్చారు, అది ఎప్పుడైనా వినొచ్చు.