నిట్మిలుక్ గార్జ్‌లో క్యాంపింగ్, బోటు షికారు: హడావుడి లేకుండా ఒక రోజు గడపడం ఎలా?

ఆస్ట్రేలియాలో ఉండే మనవాళ్లు ఆ దేశపు ఉత్తర కొసన ఉన్న డార్విన్ వెళ్తే మూడు రోజుల్లో కకాడు, లిచ్‌ఫీల్డ్ నేషనల్ పార్కులు, కేథరీన్ అన్నీ చుట్టేయాలని చూస్తారు, చివరికి చూసిందంతా కారు అద్దంలోంచే. నా మాట వింటే కేథరీన్ గార్జ్‌కి (గార్జ్ అంటే నది కోసిన లోతైన ఇరుకు లోయ), అది ఉన్న నిట్మిలుక్ నేషనల్ పార్క్‌కి, ఒక రోజు పూర్తిగా కేటాయించండి.

ముందు నెల చూసుకోండి. మే నుంచి సెప్టెంబర్ దాకా వానలుండవు, పగలు ఎండ కాసినా రాత్రుళ్లు చల్లగా ఉంటుంది. డిసెంబర్, జనవరిల్లో ఉక్కపోత, వరదలు, అప్పుడు వెళ్లి లాభం లేదు.

తర్వాత బుకింగులు. బోటు టికెట్టు, గార్జ్ పక్కనే ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లో టెంటు స్థలం, బయటి రాష్ట్రాలవాళ్లకి తప్పనిసరైన పార్క్స్ పాస్, మూడూ ఇంట్లో ఉండగానే ఆన్‌లైన్‌లో తీసుకోండి, దారిలో చూసుకుందాం అంటే చాలాచోట్ల సిగ్నలే ఉండదు.

డార్విన్ నుంచి స్టువర్ట్ హైవే మీద దాదాపు 320 కిలోమీటర్లు వెళ్తే కేథరీన్ ఊరు వస్తుంది. సరుకులు, నీళ్లు, పెట్రోలు అక్కడే నింపుకోండి. గార్జ్ ఇంకో 30 కిలోమీటర్లు. చీకటి పడకముందే చేరిపోవాలి, ఎందుకంటే రాత్రి కంగారూలు, పశువులు రోడ్డుకి అడ్డం వస్తాయి. ఇక ఎదురుగా వచ్చే రోడ్ ట్రెయిన్లంటే మూడు నాలుగు ట్రెయిలర్లు తగిలించిన లారీలు, కొన్ని 50 మీటర్లు దాటతాయి. ఓవర్‌టేక్ చేసే తొందర వద్దు.

రాత్రికి పులిహోర, పెరుగు ఉంటే వంట గొడవే లేదు. మిగిలింది మాత్రం డబ్బాలో పెట్టి కారులో దాచండి. క్యాంప్‌లో వాలబీలు (చిన్న కంగారూల్లాంటివి) యథేచ్ఛగా తిరుగుతుంటాయి, బల్ల మీద బ్రెడ్డు కనిపిస్తే మొహమాటపడవు.

మర్నాడు పొద్దున్నే బోటెక్కండి, ఎండ ముదరకముందే తిరిగొచ్చేస్తారు. ఇక్కడ కేథరీన్ నది ఇసుకరాతి కొండల్ని కోసుకుంటూ పారుతుంది, మొత్తం 13 గార్జ్‌లు. రెండు గార్జ్‌ల టూరు రెండు గంటలు, మొదటిసారి వెళ్లేవాళ్లకి అది చాలు. పాపికొండల బోటులాగా ఎక్కి కూర్చుంటే చాలనుకోకండి: మొదటి గార్జ్ చివర నీళ్లు తగ్గి బండలు తేలి ఉంటాయి, అక్కడ దిగి, నడిచి, అవతలి బోటెక్కాలి. చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లే వేసుకోండి. ఆ నడకలోనే రాతిగోడ మీద ఇక్కడి ఆదివాసులైన జావోయిన్ ప్రజల పాత బొమ్మలు కనిపిస్తాయి, తాకకుండా చూడండి. ఈ నేల వాళ్లది, 1989లో తిరిగి వాళ్ల చేతికొచ్చింది, పార్కుని ప్రభుత్వంతో కలిసి వాళ్లే నడుపుతారు. ఒడ్డున ఇసుక తిన్నెలున్నచోట బోర్డులు చూడండి, మంచినీటి మొసళ్లు గుడ్లు పెట్టే చోట్లవి, ఫొటో కోసం దిగొద్దు. ఈత కూడా అనుమతి ఉందన్న చోటే.

మధ్యాహ్నం ఏ ప్రోగ్రామూ పెట్టుకోకండి. క్యాంప్‌లో ఈతకొలను ఉంది, చెట్టు నీడ ఉంది, కునుకు తీయండి. పిల్లలు బోర్ అంటే కేథరీన్ ఊళ్లోని వేడినీటి బుగ్గలకి తీసుకెళ్లొచ్చు, కానీ నేనైతే కారు తీయను.

సాయంత్రం ఓపికుంటే బరువేయ్ వ్యూపాయింట్ ఎక్కండి. మెట్లు నిటారుగా ఉంటాయి, మనిషికో నీళ్ల బాటిల్ ఉండాలి. సూర్యాస్తమయం చూసి దిగేసరికి చీకటి పడుతుంది కాబట్టి టార్చ్ కూడా పట్టుకెళ్లండి, ఫోన్ ఛార్జింగ్‌ని నమ్ముకోకండి.