కొత్త స్కోప్ బిగించాక షాట్లు తప్పుతున్నాయా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

రైఫిల్ మీద కొత్త స్కోప్ (గురిచూసే దుర్బిణి) బిగించి, కాల్పులు సాధన చేసే రేంజ్‌కి వెళ్లాక బుల్లెట్ అనుకున్న చోట పడకపోతే అనుమానమంతా స్కోప్ మీదకే పోతుంది. నా అనుభవంలో ఎక్కువసార్లు తప్పు స్కోప్‌ది కాదు. దాన్ని పట్టుకున్న రింగులదో, మనం కొలిచిన దూరానిదో, మనం వేసిన లెక్కదో అయ్యుంటుంది. అందుకని వెనక్కి పంపే ముందు ఒక్కో అనుమానాన్నీ విడదీసి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

రైఫిల్ మీద చెయ్యి వేసే ప్రతిసారీ తూటాలు తీసేసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో కూడా తడిమి, వీలైతే బోల్ట్ బయటకు తీసి పక్కన పెట్టండి. స్కోప్‌లోంచి సూర్యుడి వైపు చూడకండి.

లక్షణం: జీరో నిలవడం లేదు

జీరో అంటే ఒక దూరానికి గురి, బుల్లెట్ పడే చోటు ఒక్కటయ్యేలా చేసిన సర్దుబాటు. నిన్న సరిగ్గా మధ్యలో పడ్డ గ్రూప్ (ఒకే గురితో కాల్చిన షాట్ల గుంపు) ఇవాళ పక్కకు జరిగింది. లేదా షాట్లు పెరిగేకొద్దీ గ్రూప్ మెల్లగా ఒకవైపు పోతోంది.

ముందుగా ఒక మాట. మూడు షాట్లు చూసి జీరో మారిందని తేల్చకండి. మూడు షాట్ల గ్రూప్ మధ్యబిందువు ఏ లోపమూ లేకుండానే అటూ ఇటూ ఊగుతుంది. పది షాట్లు కాల్చి, వాటి మధ్యబిందువు చూడండి. అప్పుడు కూడా జరిగిందంటే ఏదో వదులైంది.

వెతకడం కింద నుంచి పైకి సాగాలి: స్టాక్‌ని (భుజానికి ఆనించే పిడి భాగం) యాక్షన్‌కి (బోల్ట్ ఉండే లోహపు భాగం) పట్టించే స్క్రూలు, తర్వాత యాక్షన్ మీది రైల్ (గాళ్లున్న పట్టీ), తర్వాత రైల్‌ని పట్టుకునే మౌంట్, చివరికి స్కోప్ ట్యూబ్‌ని పట్టుకునే రింగుల పై టోపీలు. చాలామంది పైనుంచి మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. రైల్ స్క్రూ ఒక్కటి వదులైనా పైన ఎంత బిగించీ లాభం లేదు.

నాకు ఒకసారి ఇలాగే గ్రూప్ పైకి పాకుతూ పోయింది. స్క్రూలన్నీ బిగుతుగానే ఉన్నాయి. అదృష్టం కొద్దీ, బిగించిన రోజే ముందు రింగు అంచుకు ఆనించి ట్యూబ్ మీద తెల్ల పెన్నుతో సన్నటి గీత గీసుకున్నాను. నలభై షాట్ల తర్వాత చూస్తే రింగుకీ ఆ గీతకీ మధ్య బియ్యపు గింజ మందం సందు కనిపించింది. కాల్చిన ప్రతిసారీ రైఫిల్ వెనక్కి తన్నుతుంది, బరువైన స్కోప్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. దాంతో రింగుల్లో అది కొంచెం కొంచెంగా ముందుకు జారింది. రింగులు విప్పి చూస్తే లోపల కొత్త సామానుకు పూసే నూనె పొర అలాగే ఉంది. ఆల్కహాల్‌తో రింగుల లోపలా ట్యూబ్ మీదా శుభ్రంగా తుడిచి మళ్లీ బిగించాక గీత కదల్లేదు.

పరిష్కారం ఇది. నూనె తుడవండి. మౌంట్‌ని రైల్ గాడిలో ముందుకు నెట్టి పట్టుకుని బిగించండి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ వాడండి. రింగు టోపీల స్క్రూలకు చాలా కంపెనీలు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు, అంటే దాదాపు 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్లు చెబుతాయి. మీ స్కోప్, రింగుల కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ఎక్కువ బిగిస్తే మంచిదనుకోవడం పెద్ద పొరపాటు. ట్యూబ్ నొక్కుకుపోయి లోపలి లెన్స్ గొట్టం పట్టేస్తుంది, పారలాక్స్ నాబ్ (దూరాన్ని బట్టి స్కోప్‌ని సర్దే నాబ్, దీని గురించి కింద చెబుతాను) బిరుసెక్కుతుంది. తర్వాత క్లిక్కులు (గురి సరిచేసే టరెట్ అనే నాబ్ తిప్పినప్పుడు పడే మెట్లు) సరిగ్గా నడవకపోతే ఆ నేరం స్కోప్ మీద పడుతుంది.

లక్షణం: తిప్పినంత కదలడం లేదు

100 మీటర్ల దగ్గర జీరో బాగుంది. 800 దాటేసరికి షాట్లు కిందో పైనో పడుతున్నాయి. దూరపు గురికి స్కోప్ కొన్నవాళ్లు అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఇదే.

మొదట లెక్క సరిచూసుకోండి. టరెట్ ఎంత తిప్పామో మిల్ లేదా ఎంఓఏ అనే కోణపు కొలతల్లో చెబుతారు. ఒక మిల్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెం.మీ. కాబట్టి 0.1 మిల్ క్లిక్ అక్కడ ఒక సెంటీమీటరు. ఒక ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర అంగుళం కాదు, 1.047 అంగుళం. 30 ఎంఓఏ తిప్పి 30 అంగుళాలు రావాలని చూస్తే 31.4 వస్తుంది. స్కోప్ పాడైందనుకుంటారు, నిజానికి అది సరిగ్గానే కదిలింది. గజాలూ మీటర్లూ కలిపేయడం ఇంకో గండం: 100 గజాలంటే 91.44 మీటర్లే.

దూరాన్ని టేపుతో కొలవండి. లేజర్ రేంజ్‌ఫైండర్ ఒక్క మీటరు తప్పు చూపినా 100 మీటర్ల మీద అది ఒక శాతం తప్పు. మీరు వెతుకుతున్న లోపం కూడా దాదాపు అంతే ఉంటుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. దీనికి ఒక్క తూటా కూడా ఖర్చు కాదు, అందుకే నాకు ఇదంటే ఇష్టం. స్కోప్‌ని బరువైన బిగింపులో కదలకుండా పట్టించండి. 100 మీటర్ల దగ్గర పొడవాటి బోర్డు నిలబెట్టి, మేస్త్రీలు వాడే గుండు కట్టిన దారం వేలాడదీసి, దాని వెంట నిలువు గీత గీసి, ప్రతి 10 సెం.మీ.కి ఒక గుర్తు పెట్టండి. పారలాక్స్ ముందే సరిచేసి, రెటికిల్ (స్కోప్‌లో కనిపించే గురి గీతలు) మధ్యబిందువును పై గుర్తు మీద పెట్టండి. టరెట్‌ని పైకి 10 మిల్స్ తిప్పండి. రెటికిల్ గీత వెంట కిందకు దిగి సరిగ్గా 100 సెం.మీ. దగ్గర ఆగాలి. మధ్యలో ప్రతి రెండు మిల్స్‌కీ ఆగి రాసుకోండి. వెనక్కి తిప్పితే మొదటి గుర్తుకే రావాలి. ఇలా కనీసం మూడుసార్లు చేయండి. రైఫిల్, తూటా, గాలి, వేలు ఏవీ ఇందులో లేవు కనుక కనిపించే తేడా స్కోప్‌దే.

ఆ తర్వాత అదే బోర్డు మీద కాల్చి చూడండి. గురి ఒకే చుక్క మీద ఉంచి, జీరోలో ఒక గ్రూప్, 10 మిల్స్ తిప్పి ఇంకో గ్రూప్ కాల్చి, రెండిటి మధ్యబిందువుల దూరం కొలవండి. బిగింపు పరీక్షలో బాగుండి ఇక్కడ తప్పితే, కుదుపుకు లోపల ఏదో కదులుతోందనో మౌంట్ వదులుగా ఉందనో అర్థం.

ఉదాహరణకు 100కు బదులు ప్రతిసారీ 98 వచ్చిందనుకోండి, అది రెండు శాతం తక్కువ. 1000 మీటర్లకు 9 మిల్స్ తిప్పితే నిజంగా వచ్చేది 8.82 మాత్రమే, అంటే షాట్ 18 సెం.మీ. కింద పడుతుంది. తప్పు ప్రతిసారీ ఒకేలా ఉంటే దాంతో బతకొచ్చు. బుల్లెట్ ఎంత కిందకు దిగుతుందో లెక్కగట్టే బాలిస్టిక్ యాప్‌లో స్కోప్ దిద్దుబాటు గడిలో ఆ అంకె వేయండి, లేదా 9కి బదులు 9.2 తిప్పండి. ఒకసారి 98, ఇంకోసారి 101 వస్తుంటే మాత్రం ఆ స్కోప్‌ని నమ్మొద్దు.

దయచేసి ఒక పని చేయకండి. షాట్ కింద పడుతోందని యాప్‌లో బుల్లెట్ వేగం తగ్గించి లెక్క కుదిర్చేయకండి. ఒక దూరానికి కుదురుతుంది, మిగతా దూరాల్లో తప్పుతుంది. అసలు లోపం అలాగే దాగి ఉంటుంది.

లక్షణం: పైకి తిప్పితే పక్కకు కూడా పోతోంది

ఇందులో రెండు వేర్వేరు కారణాలున్నాయి. రెటికిల్‌ని దారానికి సరిగ్గా నిలువుగా పెట్టి టరెట్ తిప్పినప్పుడు అది గీత వదిలి పక్కకు జరిగితే, లోపం స్కోప్ లోపలే ఉంది. అది మన చేతిలో పని కాదు. గీత వెంటే నడిచి, కాల్చినప్పుడు మాత్రం పక్కకు పోతుంటే రైఫిల్ వాలుతోంది. మూడు డిగ్రీల వాలు కంటికి ఆనదు. కానీ 10 మిల్స్ తిప్పినప్పుడు అది 0.52 మిల్ పక్కకు లాగుతుంది, 1000 మీటర్ల దగ్గర దాదాపు 52 సెం.మీ. చాలామంది దాన్ని గాలి అనుకుని విండేజ్ (పక్కలకు చేసే సర్దుబాటు) తిప్పుతారు. రెటికిల్ దారం మీద నిలువుగా ఉన్నప్పుడే, ట్యూబ్‌కి బిగించే చిన్న రసమట్టంలో బుడగ మధ్యకు తెచ్చి గట్టిగా బిగించండి. షాట్‌కు ముందు ప్రతిసారీ ఆ బుడగ చూడండి.

లక్షణం: టరెట్ మధ్యలోనే ఆగిపోతోంది

జీరో స్టాప్ (టరెట్ జీరో కంటే కిందకు దిగకుండా ఆపే అడ్డు) తప్పుగా పెట్టారేమో, టరెట్ ఒక చుట్టు తేడాలో ఉందేమో ముందు చూడండి. అది కాకపోతే పైకి పోవడానికి చోటు లేదు. 20 ఎంఓఏ వాలున్న రైల్ వేస్తే దాదాపు 5.8 మిల్స్ కలిసొస్తాయి. ఎలివేషన్ (పైకీ కిందకీ చేసే సర్దుబాటు) చివరి అంచుకు చేరినప్పుడు విండేజ్‌కి చోటు బాగా తగ్గిపోతుందని గుర్తుంచుకోండి.

లక్షణం: రెటికిల్ టార్గెట్ మీద ఈదుతోంది, బొమ్మ మసకగా ఉంది

తల కొంచెం అటూ ఇటూ కదిపినప్పుడు రెటికిల్ టార్గెట్ మీద జరిగితే అది పారలాక్స్. ముందు కంటి దగ్గరి ఫోకస్ సరిచేయండి. ఖాళీ తెల్లగోడ వైపు రెండు మూడు సెకన్లు చూసి కళ్లు తిప్పేయండి. ఎక్కువసేపు చూస్తే కన్నే సర్దుకుని మోసం చేస్తుంది. చూసిన మొదటి క్షణంలోనే రెటికిల్ పదునుగా కనిపించాలి. ఆ తర్వాతే పారలాక్స్ నాబ్ తిప్పండి. దాని మీది దూరపు అంకెలను నమ్మకుండా, తల కదిపినా రెటికిల్ కదలని చోట ఆపండి. 50 మి.మీ. ముందు లెన్స్ ఉండి, పారలాక్స్ 100 మీటర్లకు పెట్టి 200 దగ్గర కాలిస్తే, కన్ను పక్కకు జరిగినప్పుడు గురి 2.5 సెం.మీ. దాకా తప్పగలదు.

బొమ్మ నీళ్లలోలా అలలాడుతుంటే అది ఎండ వేడి లేదా కాలిన బ్యారెల్ వేడి. మాగ్నిఫికేషన్ తగ్గించండి, బ్యారెల్‌ని చల్లారనివ్వండి. మంచు లెన్స్ బయట పడితే తుడిస్తే పోతుంది. లోపల పడితే సీల్ పోయిందని అర్థం, విప్పే ప్రయత్నం చేయకండి.

టరెట్ తిప్పకుండా రెటికిల్ గీతలతో గురి ఎత్తిపెట్టినప్పుడే తప్పుతుంటే, స్కోప్ సెకండ్ ఫోకల్ ప్లేన్ రకమేమో చూడండి. ఆ రకంలో గీతల కొలత ఒక్క మాగ్నిఫికేషన్ దగ్గరే సరైనది, చాలావాటిలో అది గరిష్ఠం.

వెనక్కి పంపే ముందు

బాగా పనిచేస్తుందని తెలిసిన ఇంకో స్కోప్‌ని అదే మౌంట్‌లో వేసి కాల్చండి. ట్యూబ్ మందం వేరైతే అదే రైల్ మీద సరిపడే రింగులు వేయండి. అదీ దారితప్పితే రైఫిల్‌నో తూటానో చూడాలి. అది నిలబడితే కొత్తదాన్ని పంపేయండి. టేపుతో కొలిచిన దూరం, ఎన్ని మిల్స్ తిప్పారు, ఎన్ని సెంటీమీటర్లు వచ్చాయి, ఎన్నిసార్లు చేశారు, రింగులు ఎంత టార్క్‌కి బిగించారు అన్నీ ఒక కాగితం మీద రాసి, బోర్డు ఫోటోతో కలిపి పెట్టెలో పెట్టండి. "సరిగ్గా పనిచేయడం లేదు" అని ఒక్క ముక్క రాస్తే వాళ్లు ఎక్కడ వెతకాలో వాళ్లకీ తెలియదు.