మూతి నుంచి మందు కూరే పాత డబుల్ బ్యారెల్: ఫెజెంట్ లేచాక పేలకపోతే ఏం చూడాలి

నవంబరు చలి, సౌత్ డకోటాలో కోత అయిపోయిన మొక్కజొన్న చేను గట్టు. కాళ్ల దగ్గరే ఫెజెంట్ (కోడి జాతి అడవిపక్షి) పుంజు లేచింది. (అక్కడ పుంజుల్నే కొట్టాలి, పెట్టల్ని ముట్టకూడదు.) ట్రిగ్గర్ నొక్కాను. క్యాప్ (మందుకి నిప్పంటించే చిన్న పేలుడు మూత) "టక్" అంది, అంతే. పుంజు అరుచుకుంటూ పోయింది. నూటయాభై ఏళ్ల తుపాకిని తిట్టుకున్నాను గానీ, తప్పు పొద్దున లోడ్ చేసిన నా చేతిదే.

ముందే ఒక మాట. ఇదంతా అమెరికాలో లైసెన్సుతో చేసే వేట సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ఉంది, కౌజుపిట్టని కొట్టినా కేసే. ఇంకోటి, బ్లాక్ పౌడర్‌ని నల్లమందు అంటే మనవాళ్లకి వేరే అర్థం వస్తుంది కాబట్టి తుపాకిమందు అంటాను.

క్యాప్ పేలింది, మందు అంటుకోలేదు

కంగారుపడి తుపాకి తిప్పొద్దు. మందు ఆలస్యంగా కూడా అంటుకుంటుంది. మూతిని మనుషులూ కుక్కలూ లేని వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి.

ఎక్కువసార్లు కారణం నూనె. పోయిన సీజన్‌లో రాసిన నూనె, తుపాకి బీరువాలో నిలబడి ఉన్నన్నాళ్లూ కిందికి జారి నిపుల్ (క్యాప్ తొడిగే చిన్న బోలు ముక్క) సన్నదారిలో చేరుతుంది. క్యాప్ మంట అక్కడే ఆరిపోతుంది. నిమిషం ఆగాక పేలిన క్యాప్ తీసేసి, సన్న తీగతో నిపుల్ పొడిచి, కొత్త క్యాప్ పెట్టి చూడండి. అప్పటికీ కాకపోతే క్యాప్ తీసి, నిపుల్ విప్పి, దాని కింద చిటికెడు సన్న మందు పోసి, మళ్లీ బిగించి, క్యాప్ పెట్టి సురక్షితమైన వైపు కాల్చేయండి. అసలు మందే పోయకుండా గుళ్లు పోసేసినా (పోస్తాం, నేనూ పోశాను) ఇదే ఉపాయం.

మళ్లీ ఇలా కాకూడదంటే, లోడ్ చేసేముందు రెండు గొట్టాలూ ఖాళీయేనని చూసుకుని, పొడిగుడ్డతో తుడిచి, ఉత్త క్యాప్‌లు ఒక్కో వైపు రెండు కాల్చండి. మూతి ముందు గడ్డిపోచ ఊగిందా, దారి తెరుచుకున్నట్టే. ఊగకపోతే ఇంకా ఏదో అడ్డం ఉంది.

మొదటి దెబ్బకి క్యాప్ పేలదు, రెండో దెబ్బకి పేలుతుంది

క్యాప్ పూర్తిగా కూర్చోలేదు. మొదటి దెబ్బ దాన్ని కిందికి దింపింది, రెండోది పేల్చింది. నిపుల్ కొస పుట్టగొడుగులా అణిగిపోయి ఉంటుంది, లేదా క్యాప్ సైజు తప్పు. కొత్త నిపుల్ వేయించండి. పాత బ్రిటిష్ తుపాకుల మరలు ఇప్పటి కొలతలకు సరిపోకపోవచ్చు, బలవంతంగా తిప్పితే బ్యారెల్ మర పాడవుతుంది.

ఈకలు రాలాయి, పక్షి పడలేదు

అందరూ చేసే తప్పు మందు పెంచడం. తగ్గించాలి. మందు ఎక్కువైతే గుళ్ల గుంపు చెదిరి మధ్యలో బోలు పడుతుంది. 25 గజాల దూరంలో పెద్ద కాగితం కట్టి కాల్చి చూడండి, తెలిసిపోతుంది. 12 బోర్‌కి నేను వాడేది 75 గ్రెయిన్ల (దాదాపు 5 గ్రాముల) మందు, 1⅛ ఔన్సుల గుళ్లు. కొలత గిన్నెలో రెండూ ఇంచుమించు ఒకే మట్టానికి వస్తాయి. గుళ్ల మీద పెట్టే అట్టబిళ్ల పలచగా ఉండాలి, మందంగా ఉంటే అదే గుంపుని చెదరగొడుతుంది. ఈ పాత గొట్టాల్లో చాలావాటికి చోక్ (గుళ్ల గుంపు త్వరగా చెదరకుండా మూతి దగ్గర ఉండే నొక్కు) ఉండదు, కాబట్టి 30 గజాలు దాటితే వదిలేయడమే మర్యాద.

బాతులకైతే 1991 నుంచి అమెరికా అంతటా సీసం నిషేధం. స్టీల్ గుళ్లు ఈ మెత్తటి గొట్టాలను గీరేస్తాయి, బిస్మత్ అనే లోహంతో చేసిన గుళ్లు కొనుక్కోవాలి.

కుడి గొట్టమే కాలుస్తున్నారు, ఎడమది పొద్దుటి నుంచీ అలాగే ఉంది

బయటికి ఏ లక్షణమూ కనపడదు, నాకు అన్నిటికన్నా భయం దీనికే. కుడివైపు కాల్చిన ప్రతిసారీ ఆ కుదుపుకి ఎడమ గొట్టంలో అట్టబిళ్ల, గుళ్లు ముందుకు జరగొచ్చు. మందుకీ వాటికీ మధ్య ఖాళీ ఏర్పడితే గొట్టం ఉబ్బుతుంది, పగులుతుంది కూడా. అందుకే మళ్లీ లోడ్ చేసే ముందు ఎడమ క్యాప్ తీసేయండి. లేదంటే మీ ముఖం, చెయ్యి పేలడానికి సిద్ధంగా ఉన్న నిండు గొట్టం మూతి మీదే ఉంటాయి. కుడివైపు నింపాక, మందూ గుళ్లూ లోపలికి అదిమే కడ్డీ అయిన ర్యామ్‌రాడ్‌ని ఎడమ గొట్టంలోనూ దింపి అదమండి. ర్యామ్‌రాడ్ మీద రెండు గీతలు గీసుకోండి, ఖాళీ గొట్టానికొకటి, నిండినదానికొకటి. మందు కూడా డబ్బా నుంచి నేరుగా పోయొద్దు, గొట్టంలో నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా మీ చేతిలోనే పేలుతుంది.

ఐదారు షాట్లకి ర్యామ్‌రాడ్ బిగుసుకుంటోంది

మసి గట్టిపడింది. తడిగుడ్డ ఒకసారి, పొడిగుడ్డ ఒకసారి. సాయంత్రం వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాల్సిందే. ఆ మసి గాల్లో తేమ పీల్చుకుంటుంది, బద్ధకిస్తే తెల్లారేసరికి తుప్పు.

వీటిని ఇంట్లో బాగుచేయొద్దు

లోపల గుంటలు, గొట్టం మీద ఉబ్బు, ఎవరో ఎప్పుడో పొగలేని మందు (ఇప్పటి తుపాకుల్లో వాడేది) వాడారన్న అనుమానం. ఆ మందు ఒత్తిడికి ఈ గొట్టాలు పగిలిపోతాయి. లోడ్ లేని బ్యారెళ్లను చెక్క నుంచి విడదీసి, దారంతో వేలాడదీసి వేలితో కొట్టండి. గుడిగంటలా మోగాలి. మొద్దుగా "డబ్" అందంటే రెండు గొట్టాల మధ్య అతుకు వదిలి ఉండొచ్చు. అప్పుడు గన్‌స్మిత్ చూసేదాకా అది గోడకే.