పిల్లల రింగుల జుట్టు: చిక్కు తీయడం, సాగదీయడం, కాపాడుకోవడం

ఒత్తుగా, బిరుసుగా, రింగులు తిరిగిన జుట్టున్న ఆడపిల్ల ఇంట్లో ఉంటే అమ్మ అడిగే మొదటి ప్రశ్న "స్ట్రెయిటెనింగ్ ఎన్నో ఏట చేయించొచ్చు?" అని. అంతకంటే ముందు జుట్టు ఎందుకు లేచి నిలబడుతోందో చూడాలి. చాలామంది పిల్లల్లో అది రింగుల తప్పు కాదు. జుట్టు ఎండిపోయి ఉంటుంది, లోపలి చిక్కు అలాగే ఉంటుంది, పైపైన పొడిగా దువ్వి ఉంటారు. ఈ మూడూ సరిచేస్తే రింగులు వాటంతటవే కిందికి వాలతాయి. అప్పటికీ పెళ్ళికో, స్కూల్ డేకో నున్నగా కావాలంటే నీళ్ళూ జడలూ చాలు.

వెంట్రుక కుదురు చర్మం లోపలే వంపు తిరిగి ఉంటే, బయటికొచ్చే వెంట్రుకా వంపు తిరుగుతుంది. మాడు మీద ఊరే జిడ్డు నిటారు వెంట్రుక మీద కొసదాకా పాకుతుంది గానీ ఈ వంపుల మీద పాకలేదు. అందుకే ఈ పిల్లలకి మాడు జిడ్డుగానూ కొసలు ఎండుగానూ ఒకేసారి ఉంటాయి. పైగా ప్రతి వంపు దగ్గరా వెంట్రుక బలహీనం. దువ్వెన తగులుకుని తెగేది అక్కడే.

వెంట్రుకకి ఆకారం ఇచ్చే బంధాల్లో మనకి కావలసినవి రెండు. హైడ్రోజన్ బంధాలు తడికి విడిపోతాయి, ఆరేటప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే అలాగే మళ్ళీ పట్టుకుంటాయి. గంధకంతో ఏర్పడే డైసల్ఫైడ్ బంధాలు నీళ్ళకి కదలవు, వాటిని విప్పడానికి ఘాటైన రసాయనం కావాలి. ఇంట్లో సాగదీసేది మొదటి వాటి ఆధారంగా. కాబట్టి మళ్ళీ తల తడిస్తే రింగులు తిరిగొస్తాయి. అది మంచి గుర్తు, జుట్టు ఆరోగ్యంగా ఉందని అర్థం.

గుండు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తిరుమలలో పుట్టు వెంట్రుకలు తీయిస్తే జుట్టు నిటారుగా, ఇంకా ఒత్తుగా వస్తుందని మన దగ్గర గట్టి నమ్మకం. మొక్కు తీర్చుకోవడం వేరు. కత్తి తీసేది చర్మం పైనున్న వెంట్రుకనే, లోపలి కుదురు ఆకారం మారదు. పసితనపు మెత్తని జుట్టు పోయి అసలు జుట్టు వచ్చే వయసూ, గుండు చేయించే వయసూ ఒకటే కావడంతో ఆ మార్పు కత్తి వల్లే వచ్చినట్టు కనిపిస్తుంది. గుండు తరవాత జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది. రింగుల జుట్టు రెండంగుళాలు వచ్చే దాకా అన్ని వైపులా నిలబడే ఉంటుంది, దానికి బరువు లేదు మరి. ఆ ఐదారు నెలలూ తడి చేత్తో రెండు చుక్కల కొబ్బరినూనె రాసి వదిలేయండి.

ముందు నీళ్ళు చూడండి

మన తిరుపతిలో కార్పొరేషన్ కుళాయికి కళ్యాణి డ్యాం నీళ్ళు, తెలుగుగంగ నీళ్ళు వస్తాయి. అపార్ట్‌మెంట్లలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ స్నానానికి ఎక్కువగా బోరు నీళ్ళే. బక్కెట్ అంచున తెల్లటి పొర కడుతోందా, సబ్బు సరిగా నురగ రావడం లేదా, అయితే అవి ఉప్పు నీళ్ళు. వాటిలోని కాల్షియం వెంట్రుక మీద పేరుకుని జుట్టు గరుకుగా తయారవుతుంది, ఏ నూనె రాసినా లోపలికి పట్టదు. తలంటి మొత్తం మంచినీళ్ళతో చేయక్కర్లేదు. చివరి రెండు చెంబులు మాత్రం కుళాయి నీళ్ళో, పట్టి ఉంచిన వాన నీళ్ళో పోయండి. అవీ లేకపోతే లీటరు నీళ్ళలో ఒక టీస్పూన్ వెనిగర్ కలిపి జుట్టు కొసలకి పోసి, నిమిషం తరవాత కడిగేయండి. మాడు మీద పుండ్లుంటే ఇది వద్దు. నిమ్మరసం కూడా వద్దు, చర్మానికి అంటుకుని ఎండలోకి వెళ్తే నల్ల మచ్చలు పడతాయి.

తలంటే రోజు

వారానికి ఒకసారి చాలు, ఎండాకాలం చెమట ఎక్కువైతే రెండుసార్లు. శుక్రవారం పొద్దున తలకి పోయడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ. అయితే బడికి పంపే తొందరలో తడి జుట్టుని బిగించి జడలేస్తే లోపల సాయంత్రానికీ ఆరదు, వాసన వస్తుంది, చుండ్రు పెరుగుతుంది. ఈ జుట్టుకి ఆదివారం పొద్దునే సరైన సమయం. గంటన్నర పెట్టుకోండి, దానికి తక్కువలో అవదు.

జుట్టుని దువ్వెనతో కాకుండా వేళ్ళతో నాలుగు పాయలు చేసి క్లిప్పులు పెట్టండి. భుజాల దాకా ఉన్న జుట్టుకి రెండు మూడు టీస్పూన్ల కొబ్బరినూనె, ముందు కొసలకీ తరవాత పైకీ. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది. తడిసినప్పుడు వెంట్రుక ఉబ్బిపోకుండా, ప్రొటీన్ కారిపోకుండా కొంత ఆపుతుంది. అందుకే తలంటికి ముందు రాస్తేనే ఎక్కువ ప్రయోజనం. అరగంట నుంచి గంట ఉంచితే సరిపోతుంది. ఆముదం ఒక్కటే రాయకండి. అది బంకగా ఉండి చిక్కుని మరింత బిగిస్తుంది. కావాలంటే నాలుగు వంతుల కొబ్బరినూనెలో ఒక వంతు కలపండి. నూనె నానేలోగా పెద్ద చిక్కుల్ని వేళ్ళతో విడదీయండి.

షాంపూ ఒక టీస్పూన్ తీసుకుని మగ్గు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, పాయల మధ్య మాడు మీద మాత్రమే పోసి వేళ్ళ కొసలతో రుద్దండి. గోళ్ళు తగలకూడదు. జుట్టంతా తల మీద కుప్ప చేసి రుద్దితేనే సగం చిక్కు పడుతుంది. నురగ కిందికి కారేటప్పుడు కొసలు వాటంతటవే శుభ్రపడతాయి. కుంకుడుకాయ వాడే ఇళ్ళలో ఆరేడు కాయలు గింజ తీసి, చితక్కొట్టి, 300 మిల్లీలీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పలచటి గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే పిప్పి రింగుల్లో ఇరుక్కుని వారమంతా చుండ్రులా రాలుతుంది. కళ్ళు మండుతాయి కాబట్టి తల వెనక్కి వంచి పోయండి. సీకాయ పొడి మాత్రం ఈ జుట్టుకి నప్పదు, గరుకుతనం ఇంకా పెరుగుతుంది.

అసలు పని కండిషనర్ దగ్గర మొదలవుతుంది. పెద్దల జుట్టుకి వాడినట్టు బొట్టు వేస్తే ఏమీ కాదు. పిల్ల జుట్టు భుజాల దాకా ఉంటే రెండు మూడు టేబుల్ స్పూన్లు పడుతుంది. నీళ్ళు కారుతుండగానే, పిండకుండా, ఒక్కో పాయకీ రాయండి. వేళ్ళకి జారుడుగా తగలాలి, లేదంటే నీళ్ళు తక్కువయ్యాయని అర్థం. ఇప్పుడు వెడల్పు పళ్ళ దువ్వెన. పాయని చిక్కుకి పైన ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంటే లాగుడు మాడుకి తగలదు, పిల్ల ఏడవదు. కింది నుంచి రెండంగుళాలు దువ్వి, అది సాఫైతేనే ఇంకో రెండంగుళాలు పైకి వెళ్ళండి. పై నుంచి దువ్వితే చిన్న చిక్కులన్నీ కిందికి చేరి ఒక్క ముడి అవుతాయి, అది కత్తెరకి తప్ప లొంగదు. సాఫైన పాయని వదులుగా మెలిపెట్టి క్లిప్పు పెట్టి, పక్క పాయకి వెళ్ళండి.

కండిషనర్ కొనడం ఇష్టం లేకపోతే మెంతులు. రెండు టేబుల్ స్పూన్లు రాత్రి నానబెట్టి, మెత్తగా రుబ్బి, అర గ్లాసు నీళ్ళు కలిపి గుడ్డలో పిండితే బంక దిగుతుంది. ఆ బంక రాసి పావుగంట ఉంచి కడగండి, దువ్వడానికి అదీ బాగానే జారుతుంది. మందారాకు గుజ్జూ ఇదే పని చేస్తుంది. వేరుశెనగ పడని పిల్లలకి మెంతులూ పడకపోవచ్చు, రెండూ ఒకే మొక్కల కుటుంబం. ముందురోజు మోచేతి లోపల రాసి చూడండి.

తల తుడిచేటప్పుడు తువ్వాలుతో రుద్దడం, తుండు మెలిపెట్టి జుట్టుని కొట్టడం రెండూ మానేయాలి. పాత నూలు బనియన్‌తో పాయని ఒత్తి పట్టుకుంటే చాలు. పసిపిల్లలకి జుట్టు ఆరాలని సాంబ్రాణి పొగ పట్టడం ఇంకా ఉంది. అవ్వలు నొచ్చుకున్నా సరే, ఆ పొగ పిల్లల ఊపిరితిత్తులకి మంచిది కాదు.

మంట లేకుండా సాగదీయడం

తడి సగం ఆరి, ముట్టుకుంటే చల్లగా ఉండి నీళ్ళు కారని స్థితిలో మొదలుపెట్టాలి. మరీ తడిగా ఉంటే లోపల ఆరదు, పూర్తిగా ఆరిపోతే రింగులు అప్పటికే కుదురుకుని ఉంటాయి.

జుట్టుని ఎనిమిది నుంచి పది పాయలు చేయండి. ఒక్కో పాయకీ శెనగగింజంత కండిషనర్, అరచేతిలో రుద్దిన రెండు చుక్కల నూనె. పాయని దువ్వి, కిందికి లాగి పట్టుకుని జడ అల్లండి. మొదట్లో వదులుగా, కిందికి పోయేకొద్దీ కాస్త బిగువుగా అల్లాలి. మాడు దగ్గర బిగిస్తే నొప్పి తప్ప లాభం లేదు. ఇంకా నున్నగా కావాలంటే జడకి బదులు సాటిన్ రిబ్బన్ ముక్కని పాయ మొదలు నుంచి కొసదాకా, అర అంగుళం ఎడంతో చుట్టుకుంటూ రండి. ఆఫ్రికా దేశాల్లో దారంతో ఇలా చుట్టి జుట్టు సాగదీసే పద్ధతి ఉంది. పిల్లలకి సన్న దారం కోసుకుంటుంది, రిబ్బనే మేలు. ఊరికే రబ్బరు బ్యాండ్లు వేయకండి, విప్పేటప్పుడు జుట్టు తెంపుకొస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో నీడలో మూడు గంటల్లో ఆరుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో రాత్రంతా ఉంచినా నమ్మలేం. ఒక జడ విప్పి మధ్యలో వేలు పెట్టి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. తొందరపడి విప్పితే గంటలో మళ్ళీ రింగులు. విప్పేటప్పుడు చేతికి చుక్క నూనె రాసుకుని కింది నుంచి విప్పండి, దువ్వెన వాడకండి. సరిగా వస్తే రింగులు అలలుగా మారి, జుట్టు పొడవు బాగా పెరిగినట్టు కనిపిస్తుంది. గాలిలో తేమని బట్టి రెండు నుంచి నాలుగు రోజులు నిలుస్తుంది. ఆదివారం పెళ్ళుంటే శనివారం పొద్దున తలకి పోసి, ఆ రాత్రి జడల్లోనే పడుకోబెట్టండి.

డ్రయ్యర్ వాడక తప్పనప్పుడు తక్కువ వేడి మీద, జానెడు దూరంలో, గాలి మొదలు నుంచి కొసకి పోయేలా, ఒకేచోట నిలపకుండా కదుపుతూ పెట్టండి. ఇస్త్రీ చేసినట్టు పట్టే స్ట్రెయిటెనర్ చిన్నపిల్లలకి వద్దు. చెవి, మెడ కాలడం ఒక భయం. ఇంకోటి, లోపల తడి ఉన్న వెంట్రుక మీద అది పెడితే నీళ్ళు ఆవిరై వెంట్రుక లోపలే బుడగలు లేస్తాయి, అక్కడే విరుగుతుంది. చర్రుమని చప్పుడు వచ్చిందంటే అదే జరుగుతోంది. కాలిన జుట్టు తడిపినా రింగు తిరగదు. దాన్ని బాగుచేసే నూనె ఏదీ లేదు, కత్తిరించడమే.

రీబాండింగ్, కెరటిన్, స్మూతెనింగ్ పిల్లలకి చేయించకండి. రీబాండింగ్‌లో డైసల్ఫైడ్ బంధాలు తెంచి, వేడితో నిటారు చేసి, మళ్ళీ కలుపుతారు. కుదుళ్ళ దగ్గర పెరిగే కొత్త జుట్టు రింగులుగానే వస్తుంది. నిటారు జుట్టు, రింగుల జుట్టు కలిసేచోట తెగడం మొదలవుతుంది. కెరటిన్ పేరుతో వాడే చాలా మందుల్లో, వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ వాయువు వదిలే పదార్థాలుంటాయి, అది క్యాన్సర్ కారకం. "ఫార్మాల్డిహైడ్ లేదు" అని రాసిన వాటిలో గ్లయాక్సిలిక్ యాసిడ్ ఉండొచ్చు. దాన్ని వాడిన పెద్దవాళ్ళలో కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. డబ్బా మీది చిన్న అక్షరాలు చదవకుండా ఏ పార్లర్ మాటా నమ్మొద్దు.

బడి రోజులు

రోజూ పొద్దున మొత్తం దువ్వక్కర్లేదు. స్ప్రే సీసాలో 200 మిల్లీలీటర్ల నీళ్ళు, ఒక టీస్పూన్ కండిషనర్ కలిపి ఉంచుకోండి, మూడు రోజులకోసారి పారబోసి కొత్తగా కలుపుకోవాలి. పైపైన చల్లి, వేళ్ళతో సవరించి జడలేయండి. రెండు జడలు మడిచి రిబ్బన్ కట్టే బళ్ళలో పిల్లలకి కణతల దగ్గర జుట్టు పలచబడటం మామూలే. జడేశాక కనుబొమ్మలు పైకి లాగినట్టున్నా, కుదుళ్ళ దగ్గర చిన్న పొక్కులు లేచినా బిగువు ఎక్కువైందని తెలుసుకోండి. పాపిడి వారానికోసారి మార్చండి. బరువైన మల్లెచెండు ఒకే పిన్ను మీద వేలాడదీయకుండా జడ మీద రెండు మూడు చోట్ల కుట్టినట్టు పెట్టండి. తిరుమల కొండమీదికి వెళ్ళేటప్పుడు ఎలాగూ పూలు పెట్టుకోం, తలకి ఆ రోజు విశ్రాంతి. రాత్రి వదులుగా ఒకటే జడ, దిండుకి సాటిన్ లైనింగ్ గుడ్డతో కుట్టిన గలీబు. నూలు గలీబు నూనె పీల్చేసి, రాపిడితో వెనక జుట్టుని ఉండలు కడుతుంది.

పేలు, మచ్చలు

ఒత్తు జుట్టులో పేలు పైకి కనపడవు. చెవుల వెనకా మెడ మీదా పాయలు తీసి చూడండి. మాడుకి అర సెంటీమీటర్ లోపు అంటుకుని, లాగినా జారని తెల్ల గింజలే ఈపులు, జారేది చుండ్రు. కండిషనర్ రాసి పేల దువ్వెనతో మూడు నాలుగు రోజులకోసారి, రెండు వారాలు దువ్వితే చాలావరకు పోతాయి. ఒక శాతం పర్మెత్రిన్ లోషన్ వాడితే మాత్రం ముందు కండిషనర్ రాయకూడదు, మందు పట్టదు. షాంపూతో కడిగి, తుడిచి, లోషన్ రాసి పది నిమిషాల తరవాత కడగాలి. తొమ్మిదో రోజు మళ్ళీ వాడాలి, ఎందుకంటే ఈపులన్నీ మొదటిసారికి చావవు. కిరోసిన్ జోలికి పోవద్దు.

గుండ్రంగా పొట్టు లేచి, వెంట్రుకలు మొదట్లోనే విరిగి నల్ల చుక్కల్లా కనిపిస్తే అది తలలో తామర. నూనెకీ షాంపూకీ తగ్గదు, కొన్ని వారాల పాటు మాత్రలు వాడాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలోనో దగ్గర్లోని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరో చూపించండి. తగ్గే దాకా దువ్వెన, తువ్వాలు, గలీబు ఆ పిల్లకి వేరుగా ఉంచి, గుడ్డలు వేడినీళ్ళలో ఉతకాలి. తోడపుట్టిన పిల్లల తలలు కూడా అదే రోజు చూడండి.