కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీ ఇంజనీరింగ్‌కి: రెండేళ్ల ప్లాన్ ఎలా వేసుకోవాలి?

పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో ఏడాదిలో చేరిపోవడం మనకు తెలిసిన దారి. బే ఏరియాలో చాలామంది తెలుగు తల్లిదండ్రులు కమ్యూనిటీ కాలేజీని కూడా అదే లెక్కలో చూస్తారు. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేతికొస్తే యూసీలో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో) మూడో ఏడాది సీటు దానంతటదే వస్తుందనుకుంటారు. రాదు. ట్రాన్స్‌ఫర్‌కి యూసీ అసలు ఆ డిగ్రీయే అడగదు. ఫలానా మేజర్‌కి, అంటే చదవబోయే బ్రాంచికి, కావలసిన ఫలానా కోర్సులు చేశారా, వాటిలో ఏ గ్రేడ్లు వచ్చాయి అన్నదే చూస్తుంది. డిగ్రీ చెక్‌లిస్టు ముందు పెట్టుకుని రెండేళ్లు కష్టపడి, చివర్లో ఫిజిక్స్‌లో ఒక భాగం మిగిలిపోయిందని తెలుసుకునే పిల్లలు ఏటా కనిపిస్తూనే ఉంటారు.

దగ్గర పెట్టుకోవలసినవి

అసిస్ట్ డాట్ ఆర్గ్ వెబ్‌సైట్ (ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీ కోర్సుకి సరిపోతుందో చూపేది), మీ కాలేజీ క్యాటలాగ్, ఏపీ (హైస్కూల్లో రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల స్కోర్లు ఉంటే అవి, ఒక పెద్ద తెల్ల కాగితం, పెన్సిల్. ఎక్సెల్ వద్దు. ఎక్సెల్‌లో రంగులు వేసుకుంటూ కూర్చుంటారే తప్ప ప్లాన్ తేలదు.

ఫీజు గురించి ఒక్క మాట. కాలిఫోర్నియా రెసిడెంట్లకు సెమిస్టర్ యూనిట్‌కి (అంటే ఒక క్రెడిట్‌కి) 46 డాలర్లు. నాన్‌రెసిడెంట్ అయితే దాని మీద ఇంకా చాలా పడుతుంది. హెచ్-4 వీసా అనగానే నాన్‌రెసిడెంట్ అనేసుకుని డబ్బు కట్టేయకండి. ఇక్కడ హెచ్-4 మీద ఉన్నవాళ్లు కూడా రెసిడెన్సీ రుజువు చేసుకోవచ్చు. అడ్మిషన్స్ ఆఫీసుకి కాగితాలు పట్టుకెళ్లండి.

మేజర్ ఒకటి, యూనివర్సిటీలు మూడు

"ఇంజనీరింగ్" అంటే కుదరదు, మెకానికలా, సివిలా, ఎలక్ట్రికలా తేల్చుకోండి. యూనివర్సిటీలు మూడే రాసుకోండి. ఉదాహరణకి మెకానికల్‌కి బర్కిలీ, డేవిస్, శాన్ హోసే స్టేట్. ఏడెనిమిది రాసుకునేవాళ్లకు అన్నింటి కోర్సులూ కలిపితే రెండేళ్లలో పట్టవు. కాలేజీ మాత్రం ఇంటికి దగ్గరదే మంచిది. ఫ్రీమాంట్ వాళ్లకు ఓలోనీ, కూపర్టినో వాళ్లకు డీ ఆంజా, ప్లెజంటన్ వాళ్లకు లాస్ పొజిటాస్. ఒకసారి చేరాక మారకండి, ఎందుకో కింద వస్తుంది.

అసలు పని: అసిస్ట్ చదవడం

ఇక్కడ తొందరపడకండి. ఓ ఆదివారం పూర్తిగా దీనికే కేటాయించండి.

అసిస్ట్‌లో సంవత్సరం, మీ కాలేజీ, వెళ్లాలనుకున్న యూనివర్సిటీ ఎంచుకుని, మేజర్ వారీగా ఆ రెండింటి మధ్య ఉన్న కోర్సుల ఒప్పందం తెరవండి. ఎడమవైపు యూనివర్సిటీ కోర్సు, కుడివైపు దానికి సరిపోయే మీ కాలేజీ కోర్సు ఉంటాయి. చూడ్డానికి సులువే. తప్పులన్నీ చిన్న అక్షరాల్లోనే జరుగుతాయి.

మొదటిది, "అండ్", "ఆర్". రెండు కోర్సుల మధ్య ఆర్ ఉంటే ఏదో ఒకటి చాలు, అండ్ ఉంటే రెండూ చేయాలి. బర్కిలీలో మ్యాథ్ 54 అనే ఒక్క కోర్సులోనే లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ రెండూ వస్తాయి. మీ కాలేజీలో అవి రెండు వేరు క్లాసులైతే రెండూ పూర్తి చేసినప్పుడే ఆ ఒక్క గడి నిండుతుంది. ఒకటి చేసి సగం మార్కు అడిగితే ఎవరూ ఇవ్వరు.

రెండోది, సిరీస్‌లు. ఫిజిక్స్, కాల్క్యులస్ చాలాచోట్ల ఒక గొలుసులా ఒప్పుకుంటారు. డీ ఆంజా, ఫుట్‌హిల్ క్వార్టర్ కాలేజీలు. అంటే ఏడాదిని సెమిస్టర్లుగా కాక ఇంకా చిన్న ముక్కలుగా చేసి నడుపుతాయి. సెమిస్టర్ కాలేజీలో మూడు భాగాలుగా చెప్పే ఫిజిక్స్ అక్కడ నాలుగు భాగాలు కావచ్చు. సగం డీ ఆంజాలో, మిగతా సగం ఓలోనీలో చేస్తే ఆ ముక్కలు ఒకదానికొకటి అతకవు. మధ్యలో విద్యుత్తో, ఆప్టిక్సో ఒక పాఠం జారిపోతుంది. కాలేజీ మారొద్దన్నది అందుకే. ఏ సిరీస్ మొదలుపెట్టిన చోటే దాన్ని ముగించండి.

మూడోది, "నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్" అన్న వాక్యం. మీ కాలేజీలో దానికి సరిపోయే కోర్సు లేదని దాని అర్థం. దాన్ని వదిలేయడానికి ముందు పేజీ పైన ఉన్న నోట్ చదవండి. ఆ కోర్సు అడ్మిషన్‌కి తప్పనిసరా, లేక చేస్తే మంచిదా అన్నది అక్కడే ఉంటుంది. తప్పనిసరైతే పక్క కాలేజీలో అదొక్కటి చేయాల్సి రావచ్చు. ఈ నోట్లను ఎవరూ చదవరు. చదవమంటే ఎందుకో నా మీద విసుక్కుంటారు కూడా.

నాలుగోది ప్రోగ్రామింగ్. ఒక యూనివర్సిటీకి సీ ప్లస్ ప్లస్ కావాలి, ఇంకోదానికి పైథాన్, మరోదానికి మ్యాట్‌ల్యాబ్. "మా వాడికి కోడింగ్ వచ్చు" అన్నమాట ఇక్కడ చెల్లదు.

మూడు యూనివర్సిటీల పేజీలూ చూసి కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి. కోర్సు పేర్లు అడ్డంగా రాసి, ఎక్కడెక్కడ కావాలో టిక్ పెట్టండి. మూడింటిలోనూ టిక్ పడ్డ కోర్సులు ముందు చేయాలి. ఒక్కదానికే కావలసినవి చివరికి.

వాట్సాప్ గ్రూపులో ఎవరో సీనియర్ పంపిన ప్లాన్ వాడతామంటే నేను ఒప్పుకోను. అది వేరే ఏడాదిది, వేరే మేజర్‌ది. కోర్సుల పేర్లు కూడా మారాయి. ఇంగ్లిష్ 1ఏ లాంటివి 2025 ఫాల్ నుంచి రాష్ట్రమంతటా ఒకే నంబరుతో, ఇంగ్లిష్ సీ1000గా నడుస్తున్నాయి. కౌన్సెలర్ దగ్గరకి వెళ్లొద్దనను, కానీ ఖాళీ చేతులతో వెళ్తే ఆయన అందరికీ ఇచ్చే మామూలు కాగితమే మీకూ ఇస్తాడు. మీ పట్టిక తీసుకెళ్లి, "ఇందులో తప్పేముంది సార్?" అని అడగండి. అప్పుడు ఆ అరగంట పనికొస్తుంది.

సెమిస్టర్లలో పేర్చడం

కాల్క్యులస్ 1 మొదలైతేనే ఫిజిక్స్ మెకానిక్స్. కాల్క్యులస్ 2 ఉంటేనే విద్యుత్తు, అయస్కాంతత్వం. ఆ ఫిజిక్స్ అయ్యాకే సర్క్యూట్స్. మెకానిక్స్ అయ్యాకే స్టాటిక్స్. కాబట్టి మొదటి ఫాల్‌లో కాల్క్యులస్ 1, కెమిస్ట్రీ, ఇంగ్లిష్. కెమిస్ట్రీ మొదటి సెమిస్టర్‌లోనే, వాయిదా లేదు. మెటీరియల్స్ క్లాసుకి అది కావాలి, పైగా రెండు ల్యాబ్ సైన్సులు ఒకే సెమిస్టర్‌లో పెట్టుకుంటే రెండూ చెడతాయి.

సర్క్యూట్స్, స్టాటిక్స్ చాలా కాలేజీల్లో ఏడాదికి ఒక్కసారే చెబుతారు. అది ఫాలా, స్ప్రింగా అన్నది గత రెండేళ్ల షెడ్యూళ్లు చూసి తేల్చుకోండి. అది తప్పితే ఏడాది ఆగాలి. ఫిజిక్స్ సమ్మర్‌లో ఎప్పుడూ పెట్టుకోకండి. సమ్మర్ ఇంగ్లిష్‌కి, జనరల్ ఎడ్యుకేషన్‌కి (మేజర్ ఏదైనా అందరూ చదివే కోర్సులకి).

ఇంటర్‌లో ఎంపీసీ చదివి వచ్చినవాళ్లకు ఆ లెక్కలకి యూనిట్లు రావు, అది హైస్కూల్ చదువే. నేరుగా కాల్క్యులస్ 1లో కూర్చోవచ్చు, అంతవరకే లాభం. ఏపీ స్కోర్ల సంగతి వేరు. కాల్క్యులస్ బీసీలో మంచి స్కోరుంటే ఒకటో రెండో క్లాసులు తగ్గొచ్చు, కానీ ఏ క్యాంపస్ ఏది ఒప్పుకుంటుందో ఆ క్యాంపస్ ఏపీ చార్టులోనే చూడాలి. ఏపీ ఫిజిక్స్ 1 ఉందని ఇంజనీరింగ్ ఫిజిక్స్ మానేద్దామనుకోకండి, అందులో కాల్క్యులస్ లేదు.

జనరల్ ఎడ్యుకేషన్

ఈ కోర్సుల జాబితాగా ఐగెట్సీ పోయి 2025 ఫాల్ నుంచి కాల్-గెట్సీ వచ్చింది, 34 యూనిట్లు. ఇంజనీరింగ్ పిల్లలు దాన్ని మొత్తం పూర్తి చేయాలని పట్టుబట్టి మేజర్ కోర్సులు వదులుకోకూడదు. యూసీకి రెండు ఇంగ్లిష్ కోర్సులు తప్పవు. సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, శాన్ హోసే స్టేట్ లాంటివి) కూడా జాబితాలో ఉంటే ఇంగ్లిష్, క్రిటికల్ థింకింగ్, లెక్కలతో పాటు పబ్లిక్ స్పీకింగ్ కూడా పూర్తి చేయాలి. మిగతావి చోటు దొరికినప్పుడు.

దరఖాస్తు

యూసీకి ట్రాన్స్‌ఫర్ అయ్యే యూనిట్లు 60 సెమిస్టర్ లేదా 90 క్వార్టర్ యూనిట్లు ఉండాలి. రెసిడెంట్లకు కనీస జీపీఏ 2.4. ఆ కనీసంతో ఇంజనీరింగ్ సీటు ఆశించకండి. మేజర్ కోర్సులన్నీ లెటర్ గ్రేడుతోనే చేయాలి, పాస్/నో పాస్ జోలికి వెళ్లొద్దు.

ట్యాగ్ అనే సీటు హామీ పథకానికి దరఖాస్తు సెప్టెంబర్ 1 నుంచి 30 వరకు, ఒక్క యూసీ క్యాంపస్‌కే. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రజ్ ఇస్తాయి. బర్కిలీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగో ఇవ్వవు. ఇచ్చే క్యాంపస్‌లలో కూడా కొన్ని ఇంజనీరింగ్ మేజర్లకు ఇది వర్తించదు, ఆ ఏడాది ట్యాగ్ పట్టికలో మీ మేజర్ పేరు వెతకండి. అసలు దరఖాస్తు అక్టోబర్ 1 నుంచి మామూలుగా నవంబర్ 30 దాకా. చివరి రాత్రి టెన్షన్ పడకుండా ముందు వారమే పంపేయండి.

జనవరిలో అకడమిక్ అప్‌డేట్ నింపమంటారు. ఫాల్ గ్రేడ్లు, స్ప్రింగ్ క్లాసులు అందులో పెట్టాలి. అందులో చేస్తానని చెప్పిన క్లాసు ఏదైనా తర్వాత వదిలేస్తే, ఆ సంగతి వెంటనే క్యాంపస్‌కి రాయండి. చెప్పకుండా వదిలేస్తే వచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకోవచ్చు.