లెక్క తప్పింది సరే, ఎక్కడ తప్పింది?

పది లెక్కల్లో ఆరు తప్పులుంటే పాపకు ఆరు విషయాలు రాలేదని కాదు. చాలాసార్లు ఒకే తప్పు ఆరుసార్లు దొర్లి ఉంటుంది. అందుకే ఇంటూ మార్కు పెట్టే ముందు "ఇదెలా చేశావు?" అని అడిగి, మధ్యలో అందుకోకుండా వినండి. సరిగ్గా చేసిన లెక్కకూ అదే ప్రశ్న వేయండి. లేకపోతే మీరు అడగ్గానే తప్పన్నమాట అనుకుని చెరిపేస్తారు.

కూడికలో ప్రతిసారీ ఒకటి తగ్గుతోంది (7 + 3 = 9)

కారణం: "మనసులో ఏడు, చేతిలో మూడు" అని నేర్పుతాం. పాప మొదటి వేలు మడుస్తూనే "ఏడు" అంటుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. మూడు వేళ్లూ అయిపోయాయి.

పరిష్కారం: గుండె మీద చెయ్యి వేసుకుని "ఏడు" అనాలి, అప్పుడు వేళ్లు కదలకూడదు. "ఎనిమిది" దగ్గరే మొదటి వేలు. వేళ్ల మీద లెక్కపెట్టొద్దని మాత్రం కసరకండి. వేళ్లు ఆగవు, బల్ల కిందకి వెళ్తాయి, అంతే.

52 − 27 = 35 అని రాస్తున్నారు

ఎక్కువగా కనిపించే తప్పు ఇదే, కాస్త ఓపిక కావాల్సిందీ ఇదే.

కారణం: "పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్" అని మొదట్లో మనమే చెప్పాం. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేశారు. పిల్లల దృష్టిలో వాళ్లు మన మాటే విన్నారు. 52లోని 5 అంటే ఐదు పదులు అన్నది ఇంకా మనసుకెక్కలేదు.

పరిష్కారం: పెన్సిల్ పక్కన పెట్టి పుల్లలు తీయండి. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన ఐదు కట్టలు, విడిగా రెండు. "ఏడు పుల్లలు ఇవ్వు" అంటే రెండే ఉన్నాయి. ఏం చేయాలో మీరు చెప్పొద్దు, కట్ట విప్పాలన్న ఆలోచన వాళ్లకే రానివ్వండి. విప్పితే విడివి 12, అందులో 7 పోతే 5. మిగిలిన నాలుగు కట్టల్లో రెండు పోతే రెండు. మొత్తం 25. కొన్నాళ్లు పుల్లలతో చేశాకే కాగితం మీద రాయించండి. "పక్కవాడి దగ్గర అప్పు తెచ్చుకో" అనే మాట నాకు నచ్చదు. తిరిగి తీర్చేదేమీ లేని అప్పేమిటో పిల్లలకు అర్థం కాదు. "కట్ట విప్పు" అంటే చాలు.

38 + 25 = 513 అని రాసినా జబ్బు ఇదే, మందూ ఇదే. ఈసారి పదమూడు విడి పుల్లల్లో పదింటిని కట్ట కట్టాలి. "38 నలభైకి లోపు, 25 ముప్పైకి లోపు, మరి జవాబు డెబ్బై దాటుతుందా?" అని అడిగి చూడండి.

మూడు వందల ఐదుని 3005 అని రాస్తున్నారు

విన్నది విన్నట్టు రాశారు: 300, పక్కనే 5. 300 ఒక చీటీ మీద, 5 మరో చిన్న చీటీ మీద రాసి, చివరి సున్నా మీద 5ని పెట్టి చూపించండి.

ఎక్కం గడగడా చెబుతారు, "ఏడు ఆర్లు ఎంత?" అంటే నోరు మెదపరు

కారణం: పాటలా వచ్చింది. మొదటినుంచి పాడితే తప్ప అక్కడికి చేరలేరు.

పరిష్కారం: వరస తప్పించి అడగండి. భారం కూడా అనుకున్నంత లేదు. పది ఎక్కాల్లో 100 గుణకారాలున్నా, 6 × 7, 7 × 6 ఒకటే అని తెలిస్తే 55కి దిగుతాయి. అందులో 1, 2, 5, 10 ఎక్కాలు తేలిగ్గా వస్తాయి. వాటిని పక్కన పెడితే నిజంగా కష్టపడాల్సినవి 21. మరిచిపోతే తెలిసినదాన్నుంచి కట్టుకోవచ్చు: ఐదు ఆర్లు 30, రెండు ఆర్లు 12, కలిపితే 42.

8 + 4 = __ + 5లో 12 అని నింపుతున్నారు

"=" అంటే "జవాబు ఇక్కడ రాయి" అనుకుంటున్నారు. ఎప్పుడూ ఒకే తీరు లెక్కలు ఇవ్వడం వల్ల వచ్చిన తంటా ఇది. 12 = 8 + 4, 7 = 7 లాంటివీ రాసి, తప్పో ఒప్పో చెప్పమనండి. "7 = 7" చూసి "ఇందులో లెక్కేదీ?" అని అడిగారంటే తికమక ఎక్కడుందో మీకు దొరికినట్టే.