రోజెన్‌వాల్డ్ బడి అవునో కాదో తేల్చుకోవడం ఎలా

1912 నుంచి 1932 వరకు అమెరికా దక్షిణాదిలో నల్లజాతి పిల్లల కోసం, వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ ఇచ్చిన డబ్బు సాయంతో, దాదాపు 5,000 రోజెన్‌వాల్డ్ బడులు లేచాయి. పాత బడి కనిపిస్తే ముందు కిటికీలు చూడండి. కరెంటు లేని రోజుల్లో పగటి వెలుతురే దిక్కు. అందుకే ఎత్తైన కిటికీలను పక్కపక్కనే బారుగా, తూర్పు పడమరలకు పెట్టేవారు. తర్వాత మూసేసినా గోడ చెక్కల్లో అతుకు గీతలు తెలుస్తాయి.

ఆపైన ఫిస్క్ విశ్వవిద్యాలయం భద్రపరచిన ఆ బడుల రికార్డు కార్డుల్లో కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరుతో వెతకండి. బడుల పేర్లు మారుతుంటాయి, వాటిని నమ్ముకుంటే దొరకదు. నల్లజాతివారు, తెల్లవారు, ప్రభుత్వం, రోజెన్‌వాల్డ్ నిధి ఎవరెంత ఇచ్చారో కార్డులో విడివిడిగా ఉంటుంది. నల్లజాతివారి మొత్తం తప్పక రాసుకోండి: పన్నులు కట్టి, మళ్లీ చందాలు వేసుకున్నది వాళ్లే. కార్డులోది బడ్జెట్ సంవత్సరం, బడి కట్టిన ఏడాది అదే కాకపోవచ్చు. కౌంటీ ఆఫీసులోని స్థలం దస్తావేజుతో సరిచూసుకోండి.